భోషాణం తెరిచే ముందు

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచీ మీ తాతగారి భోషాణమే కళ్ల ముందు మెదులుతోంది. ఆయన నాణేలన్నీ తెల్లగుడ్డ మీద పరిచి, మనం చెయ్యి పెట్టబోతే "అంచులు పట్టుకోండ్రా, మధ్యలో వేలు పెట్టకండి" అనేవారు, గుర్తుందా? వాటిని అమ్మాల్సి రావడం నీకెంత కష్టంగా ఉందో నాకు తెలుసు. అందుకే ఏ వేలం కంపెనీకి ఇవ్వాలని నువ్వడిగితే ఒక పేరు రాసేసి ఊరుకోలేకపోతున్నాను.

ముందు అత్తయ్యకి చెప్పు, ఏదీ తోమొద్దని. చింతపండు పెట్టి తోమితే చెంబు మెరుస్తుంది గానీ పాత నాణెం ధర పడిపోతుంది.

నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. పెద్ద పేరు చూసి మా ఇంట్లోవన్నీ ఒకే కంపెనీ చేతిలో పెట్టాను. వాళ్లకి పెయింటింగ్స్ బాగా తెలుసు, నాణేలు తెలియవు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలపు చార్మినార్ రూపాయలు, మా తాతయ్య ఏళ్ల తరబడి ఒక్కొక్కటే ఏరి కూర్చినవి, అన్నీ కలిపి ఒకే లాట్‌గా, అంటే ఒకే పాటలో అమ్మేలా, కట్టేశారు. ఎవరో ఒక్కరే మొత్తం పట్టుకుపోయారు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. నాణేలకి నాణేల వాళ్లే కావాలిరా, ముంబైలో టోడీవాలా, బెంగళూరులో మరుధర్ లాంటివాళ్లు. రవివర్మ ప్రెస్ పటాలకి, బిద్రీ హుక్కాకి సాఫ్రనార్ట్, ఆస్టాగురు లాంటి చోట్ల అడుగు. ఎవరైనా సరే, పాత కేటలాగులు చూపించమను, మీ దగ్గరున్నలాంటివి ఎన్ని పెట్టారో, ఎన్ని అమ్ముడుపోక మిగిలాయో చూడు.

ఇక డబ్బు సంగతి. లక్ష దగ్గర పాట ఆగిందనుకో, పది శాతం కమిషన్ అయితే నీకు 90 వేలు, అందులోంచి ఫోటోలకీ ఇన్సూరెన్స్‌కీ రవాణాకీ కోస్తే ఇంకా తగ్గుతుంది. కొన్నవాళ్ల దగ్గర ఎలాగూ పాట ధర మీద అదనంగా ప్రీమియం తీసుకుంటారు కాబట్టి నీ కమిషన్ తగ్గించమని మొహమాటం లేకుండా అడుగు. ఏ ధరకి తక్కువైతే అమ్మకూడదో, డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారో, అమ్ముడుపోకపోతే తిరిగి పంపే ఖర్చు ఎవరిదో, అన్నీ కాగితం మీద ఉండాలి. మీ బాబాయ్ వాళ్ల సంతకాలు కూడా ముందే తీసుకో, తర్వాత మాటలొస్తాయి.

వేణుగోపాలస్వామి కంచు విగ్రహం సంగతి వేరు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన విగ్రహాన్ని పురావస్తు శాఖలో రిజిస్టర్ చేయించాలి, చేతులు మారితే వాళ్లకి తెలపాలి, ప్రైవేటు వాళ్లు దేశం దాటించడం నేరం. విదేశంలో మంచి రేటు వస్తుంది, పంపేద్దాం అని ఎవడైనా అంటే అక్కడే లేచి వచ్చేయ్. నన్నడిగితే స్వామిని మాత్రం అమ్మకండిరా. మీ నాయనమ్మ రోజూ పూలు పెట్టిన విగ్రహం అది.

వచ్చే ఆదివారం నేనొస్తాను. ఒక్కోదానికీ రెండు వైపులా ఫోటోలు తీసి, తూకం వేసి, నోట్‌బుక్‌లో రాద్దాం. అప్పటిదాకా ఎవరికీ సంతకం పెట్టకు.

నీ
బావ