టిఫిన్ హోటల్ వాళ్ళకీ ఊళ్ళు చూడాలని ఉంటుంది

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది తణుకులో చిన్న టిఫిన్ హోటల్ అండి, నేనూ మా ఆయనా ఇద్దరమే నడుపుతున్నాం, 18 ఏళ్ళయింది. మీ పేపర్లో టూర్ల పేజీ వదలకుండా చదువుతాను, కానీ ఎప్పుడు చూసినా ఉద్యోగస్తుల ట్రిప్పులే ఉంటున్నాయి, పొయ్యి దగ్గర నిలబడే మాలాంటోళ్ళ గురించి కూడా రాయండని ఈ ఉత్తరం.

కొచ్చిలో శ్రీ బాలాజీ కాఫీ హౌస్ అని చిన్న టీ కొట్టు ఉంది, విజయన్ గారు, మోహన గారు అని భార్యాభర్తలు నడిపేవాళ్ళు. రోజూ వచ్చిన దాంట్లో 300 రూపాయలు ఊళ్ళు తిరగడానికని పక్కన పెట్టేవాళ్ళంట. లెక్క వేసి చూశాను, ఏడాదికి 1,09,500 అవుతుంది. చాలకపోతే బ్యాంకు లోను తీసుకుని వెళ్ళొచ్చి, మళ్ళీ టీ అమ్ముకుంటూ తీర్చేసేవాళ్ళు, అది తీరాక ఇంకో దేశం. 2007లో మొదటిసారి ఇజ్రాయెల్ వెళ్ళారు, అలా 25 దేశాల పైనే చూశారు. 2019లో ఆనంద్ మహీంద్రా గారు వీళ్ళ గురించి ట్విట్టర్లో రాశాకే చాలామందికి తెలిసింది గానీ, అప్పటికే వాళ్ళ కష్టార్జితంతో సగం ప్రపంచం తిరిగేశారు కదండీ. 2021 అక్టోబర్‌లో రష్యా వెళ్ళొచ్చారు, నవంబర్‌లో విజయన్ గారు పోయారు. ఆ వార్త చదివి నేను ఏడ్చేశాను, మా ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఏంటంటే ప్రతి ట్రిప్పులోనూ మోహన గారు పక్క సీట్లో ఉన్నారు. మా పనిలో ఆడవాళ్ళ సంగతి చెప్తాను, రాత్రి పప్పు నానబోసి రుబ్బి పడుకునేసరికి పదకొండు, మళ్ళీ మూడున్నరకి లేచి ఇడ్లీ వాయి పెట్టాలి, అల్లం పచ్చడి నూరాలి, మా ఆయన పెనం మీద ఉల్లిపాయ రుద్ది పెసరట్టు మొదలెట్టేసరికి ఆరు. ఆదివారం అయితే గిరాకీ ఇంకా ఎక్కువ, ఇక సెలవెక్కడిది?

వాళ్ళని చూసే మేమూ రోజుకి వంద చొప్పున ఆవాల డబ్బాలో వేయడం మొదలెట్టాం, రెండేళ్ళకి 73 వేలయింది. ఆ డబ్బుతో శ్రీలంక వెళ్దామని ఒక ట్రావెల్స్ ఆఫీసుకి వెళ్తే అక్కడి అబ్బాయి 'టిఫిన్ హోటల్ అంటున్నారు, మీకెందుకండీ అంత ఖర్చు, తిరుపతి వెళ్ళి రండి' అన్నాడు. తిరుపతి వెళ్తూనే ఉంటాం, అది వేరే, మా డబ్బులు పెట్టుకుని సముద్రం దాటి చూడాలంటే మాకు పనేంటి అన్నట్టు మాట్లాడటం చాలా బాధేసింది. మా ఆయన మారు మాట్లాడకుండా బయటికొచ్చేసి, నా చెయ్యి పట్టుకుని పక్క వీధిలో ఇంకో ఆఫీసుకి తీసుకెళ్ళారు.

మీ పాఠకుల్లో మా దగ్గర తినేవాళ్ళూ ఉంటారు, వాళ్ళకి ఒక్క మాట. మొన్నామధ్య మూడు రోజులు కాశీ వెళ్ళొస్తే 'కొట్టు మూసేసి షికార్లేంటి' అని కొందరు కోప్పడ్డారు, అలా అనకండి బాబూ. సంక్రాంతి అయ్యాక వారం రోజులు మా షట్టర్ మీద 'సెలవు' అని కాగితం ఉంటుంది, ఎనిమిదో రోజు పొద్దున్న ఆరింటికల్లా పెసరట్టు వేడిగా వేసిస్తాం.

ఇట్లు,
ఒక టిఫిన్ హోటల్ ఆవిడ, తణుకు