సూరిగాడికి, అమ్మ కంటి కబురు

శ్రీకాకుళం,
ఆదివారం రాత్రి

ఒరే సూరీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైపోయింది. తిట్టుకునే ఉంటావు, తప్పు నాదే. ఇక్కడ అందరం బాగున్నాం. చెల్లికి పలాస ట్రాన్స్‌ఫరైంది. పెరట్లో మామిడి ఈసారి కాయలేదు. మిగతావి తర్వాత.

అమ్మకి శుక్లాలు ముదిరాయిరా. మంగళవారం ఆసుపత్రికి తీసుకెళ్లాను. కంటి లోపల చూడాలంటే పాప పెద్దదవ్వాలని, కాసేపటికోసారి చుక్కలు వేసి కళ్లు మూసుకోమన్నారు. నాకు ఒకటే టెన్షన్. మూడోసారి వేశాక, గడ్డం పట్టుకుని "తెరువమ్మా" అన్నాను. ఆ నల్లటి గుండ్రంలో గోరంత మనిషి! గళ్ల చొక్కా, నెత్తి మీద ట్యూబ్‌లైటు. నేనేరా!

చెప్తే అమ్మ "అందుకే కదా పాప అన్నారు. నీ చిన్నప్పుడు నీ కళ్లల్లో నన్ను నేను చూసుకునేదాన్ని" అంది. నాకు గొంతు పట్టేసింది. అలా ఎంతసేపు చూశానో...

ఇంటికొచ్చి నిఘంటువులు తిరగేశాను. కంటిపాపని ఇంగ్లీషులో ప్యూపిల్ అంటారు కదా, ఆ మాట లాటిన్ 'ప్యుపిల్లా' నుంచి వచ్చింది. 'ప్యుపా' అంటే ఆడపిల్ల, బొమ్మ. ప్యుపిల్లా అంటే ఇంకా చిట్టిది, పాపాయి! గ్రీకులో 'కోరె' అన్నా ఆడపిల్లే, కంటిపాపే. సంస్కృతంలో కనీనిక, అది కన్యకి చుట్టం. బడిపిల్లల్ని ప్యూపిల్స్ అంటామే, అదీ ఈ ఇంటిదే. పెద్దదిక్కు పోయి సంరక్షకుడి చేతిలో పెరిగే పిల్లాణ్ణి రోమన్లు 'ప్యుపిల్లుస్' అనేవారు. ఎక్కడి రోము, ఎక్కడి మన నాగావళి! ఎవరిని చూసి ఎవరు రాసుకున్నారో తెలీదు గానీ, ఎదుటివాళ్ల కంట్లోకి దగ్గరగా చూశారు, అంతే.

ఇంకోటి, ఇది నీకే చెప్పాలి. పాప అసలు వస్తువే కాదట, ఐరిస్ అనే రంగు వలయం మధ్యలో కన్నం. వెలుగులో 2 నుంచి 4 మిల్లీమీటర్లు, చీకట్లో 8 దాకా విచ్చుకుంటుంది. లోపలికి పోయిన వెలుగు మనవైపు తిరిగి రాదు కాబట్టి నల్లగా కనిపిస్తుంది. తొమ్మిదో తరగతిలో నువ్వు కన్ను గీసి మధ్యలో ఖాళీ వదిలేస్తే, "పాపేదిరా?" అని మాస్టారు గోడకుర్చీ వేయించారే! నువ్వే కరెక్టురా. మన వైపు గుంట అంటే ఆడపిల్ల, గొయ్యి కూడా గుంటే. లాటిన్‌వాడికి ఈ మాట దొరికి ఉంటే...

ఆపరేషన్ గురువారం. అదయ్యాక అమ్మ నన్ను ఎలా చూస్తుందో అని... ఉండు, పిలుస్తోంది. చుక్కల టైమైంది.

నీ
బుజ్జిగాడు