గోడ మీది పెన్సిల్ గీతలు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ వారం తొమ్మిదో తరగతి పిల్లలు ఇంటికొచ్చి ముభావంగా ఉంటే కంగారు పడకండి. చరిత్రలో నాజీ జర్మనీ పాఠం నడుస్తోంది. "ఈ వయసులో పిల్లలకు ఈ చావుల గోల ఎందుకు మేడమ్?" అని ఒక అమ్మగారు ఫోన్ చేశారు. ఆవిడ అడిగిందీ న్యాయమే. అందుకే స్పోర్ట్స్ డే కబుర్లు వెనక పేజీకి జరిపి ఇది రాస్తున్నాను.

నాజీలు చంపిన యూదులు 60 లక్షల మంది. అందులో దాదాపు 15 లక్షల మంది పిల్లలే. మనవాళ్లు ఆ అంకెలు నోట్సులో రాసుకుని, కింద గీత గీసి, పేజీ తిప్పేశారు. వాళ్లను ఏమనగలం? అంత పెద్ద అంకె మన బుర్రకైనా ఎక్కదు. అప్పుడు మా సోషల్ టీచర్ ఒక్క ఇంటి సంగతి చెప్పారు.

నాజీలు ఆక్రమించుకున్న నెదర్లాండ్స్‌లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆట్టో ఫ్రాంక్ అనే యూదు వ్యాపారి 1942 జులైలో భార్య ఎడిత్, కూతుళ్లు మార్గట్, ఆన్‌లతో తన ఆఫీసు వెనక గదుల్లో దాక్కున్నారు. తర్వాత మరో నలుగురు చేరారు. రెండేళ్లకు పైగా గడప దాటలేదు. గడప దాటకపోయినా పిల్లలు ఎదగడం మానరు కదా! గోడ కాగితం మీద పెన్సిల్‌తో గీతలు పెట్టి వాళ్ల ఎత్తు కొలిచేవారు. ఆ గదుల్లో ఉండగానే ఆన్ 13 సెంటీమీటర్లు పెరిగింది. మనమూ ద్వారబంధం మీద పెడతాం, తలకు స్కేలు ఆనించి, "మడమలు ఎత్తకు" అని కసురుతూ.

1944 ఆగస్టు 4న అందరూ పట్టుబడ్డారు, వాళ్లను నాజీల నిర్బంధ క్యాంపులకు పంపారు. ఎనిమిది మందిలో ప్రాణాలతో తిరిగొచ్చింది ఆట్టో ఒక్కరే. భార్య ఇక లేదని దారిలోనే తెలిసింది. కూతుళ్ల కోసం ఇంకా నెలకు పైగా ఎదురుచూశాక, వాళ్లూ బెర్గెన్-బెల్సెన్‌ క్యాంపులో పోయారని తెలిసింది. అప్పుడు ఆఫీసు ఉద్యోగిని మీప్ గీస్, తాను చదవకుండా దాచిన ఆన్ డైరీ తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. పక్కనే పెరిగిన కూతురి మనసులో ఇంత ఉందని తనకు తెలియనే లేదని, అది చదివాక ఆయన చెప్పుకున్నారు. 1960లో ఆ ఇల్లు మ్యూజియం అయింది. అరెస్టు తర్వాత సామాను ఎత్తుకుపోయిన గదులను మళ్లీ నింపొద్దని ఆయనే కోరారు. గోడ మీద గీతలు మాత్రం అలాగే ఉన్నాయి.

"ఆ గీతలు చూసి వాళ్ల నాన్న ఏం చేసుంటారు టీచర్?" అని ఒక అమ్మాయి అడిగిందట. మా టీచర్ జవాబు చెప్పలేదు. మంచి పని చేశారు.

దేవుడి గది తలుపు మీది స్వస్తిక్ గురించి ఇంట్లో అడుగుతారు, సిద్ధంగా ఉండండి. మనకది ఏనాటి నుంచో శుభచిహ్నం. నాజీలు దాన్ని తీసుకుని, ఓరగా తిప్పి జెండాకెక్కించారు. ఆ జెండా కింద అయినవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలకు అది కనిపిస్తే గుండె ఝల్లుమంటుందని కూడా చెప్పండి. అన్నట్టు, నా వెనక నన్ను హిట్లర్ అంటారని నాకు తెలుసు. ఈ పాఠం అయ్యాక ఇంకో పేరు వెతుక్కుంటారేమో చూడాలి.

హోంవర్క్ ఒక్కటే. ఇంట్లో ఒక పాత వస్తువు గురించి, దాన్ని వాడిన మనిషి గురించి తాతయ్యనో నాయనమ్మనో అడిగి ఒక పేజీ రాయాలి. ఇది ఆ కుటుంబాల బాధతో పోలిక కాదు. మన పెద్దలు చాలామంది వయసు మీద పడో, జబ్బు చేసో పోయారు. ఆ యూదులనైతే వెతికి పట్టుకుని చంపారు. ఆ తేడా పిల్లలకు మీరే చెప్పాలి. పెద్దవాళ్లు మాట్లాడలేకపోతే బలవంతం చేయనివ్వకండి, ఖాళీ పేజీ తెచ్చినా తీసుకుంటాం.

వస్తువులు మాత్రం బడికి పంపొద్దు, ఫోటో చాలు. పోయిన ఏడాది ఎవరి నాయనమ్మదో ఇత్తడి అడకత్తెర బస్సులో పడిపోతే రెండు రోజులు వెతికాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయిని