పీహెచ్‌సీలో ఫిజియో ఎప్పుడు?

సంపాదకులకు,

మునుగోడు, మర్రిగూడ వైపు పెద్దవాళ్లను కదిలిస్తే చాలు, నడుం పట్టేసిందనో భుజం లేవట్లేదనో అంటారు, ఫ్లోరైడ్ నీళ్లు తాగిన తరం కదా. పీహెచ్‌సీకి పోతే నొప్పి బిళ్లలు ఇస్తారు, స్కానింగ్ అంటే నల్గొండకో హైదరాబాద్‌కో బస్సెక్కాలి, ఆ రోజు కూలీ పోయినట్టే.

బ్రిటన్‌లో చాలాచోట్ల ఇలాంటి నొప్పులను మొదట ఫిజియోథెరపిస్టే చూస్తారు, శిక్షణ ఉన్నవాళ్లు అల్ట్రాసౌండ్ పెట్టి భుజంలో టెండన్ (కండను ఎముకకు పట్టి ఉంచే నరం లాంటి తాడు) తెగిందా, వట్టి వాపేనా తేలుస్తారు. మన దగ్గర ఆ మిషన్‌కు 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం ఉంది, రిజిస్ట్రేషన్ లేకుండా పెట్టకూడదు. ఆడపిల్లల కోసం వచ్చిన చట్టం, సడలించమని నేననను.

కానీ కీలు ఎంత వంగుతోందో కొలిచే గోనియోమీటర్‌కు, రిఫ్లెక్స్, అంటే మోకాలి కింద తడితే కాలు దానంతటదే ఎగరడం, చూసే చిన్న సుత్తికి ఏం అడ్డు? ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలకు వచ్చే ఫ్లోరోసిస్ ముదిరితే వెన్నుపాము నలిగి కాళ్లు పట్టు తప్పుతాయి, ఆ సుత్తి దెబ్బకే అనుమానం వస్తుంది, వెంటనే ఎక్స్‌రేకు పంపొచ్చు. అది చూడకుండా మెడ, నడుం మీద బలంగా నొక్కితే ప్రమాదం కూడా. 2021 కేంద్ర చట్టం ఫిజియోలను ఆరోగ్య నిపుణులుగా గుర్తించింది, మరి వారానికోరోజైనా పీహెచ్‌సీలో కూర్చోబెట్టడానికి ఏం ఇబ్బందో జిల్లా వైద్యాధికారులు చెప్పాలి.

- ఒక పాఠకుడు, చండూరు