ఉత్తరుడి చేతిలో పగ్గాలు

చిత్తూరు

చిరంజీవి నాయనకు, అమ్మ దీవెనలు.

నువ్వు పంపిన కథ చదివాను. మీ నాయన చేత కూడా చదివించాను. ఆయనకు క్లైమాక్సు భలే నచ్చింది. నాకు నచ్చలేదు. కథంతా ఆఫీసరు గొంతు వింటేనే నీరుగారిపోయిన గుమాస్తా, చివరి పేజీలో పదిమంది రౌడీలను ఒంటిచేత్తో మట్టికరిపిస్తాడా? అంత బలం ఎక్కణ్ణించి ఊడిపడింది వాడికి? పిరికివాళ్లు గట్టిపడకూడదని కాదు నాయనా. అట్లాంటోళ్లంటే నాకు మహా ఇష్టం, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా.

చిత్తూరులో పుట్టి ఉత్తరకుమారుణ్ణి మర్చిపోయావా? ఎండాకాలం ధర్మరాజుల గుడిలో భారతం మొదలైతే మధ్యాహ్నం హరికథ, రాత్రికి వీధినాటకం. కౌరవులు విరాటుడి ఆవులను తోలుకుపోయే ఉత్తర గోగ్రహణం నాడు, విరాటుడి కొడుకు ఉత్తరుడి వేషగాడు కౌరవసేన పేరెత్తగానే కాళ్లకు బుద్ధి చెప్పి, జనంలోకి దూరి, శెనక్కాయలమ్మే ఆమె తట్ట వెనకాల నక్కేవాడు. బృహన్నలగా మారువేషంలో ఉన్న అర్జునుడు కుచ్చెళ్లు ఎగదోపుకుని వెంటపడి, జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చేవాడు. మీరంతా విరగబడి నవ్వేవాళ్లు. ఉత్తరుడి కథ అయిపోయిందని సగంమంది చాపల మీద ఒరిగిపోయేవాళ్లు. అసలు కథ అక్కణ్ణించే.

అర్జునుడు వాడి చేతికి విల్లు ఇవ్వలేదు, పగ్గాలిచ్చాడు. దానికి ముందు జమ్మిచెట్టు ఎక్కించి, శవమేమోనని వాడు జడుసుకున్న ఆయుధాల మూటను వాడి చేతనే దింపించాడు. శంఖం పూరిస్తే గుర్రాలే మోకాళ్ల మీద కూలాయి, వీడు రథంలో చతికిలబడ్డాడు. యుద్ధం మధ్యలో కళ్లు తిరుగుతున్నాయి, ఇక గుర్రాలను పట్టలేనన్నాడు. అన్నాడేగానీ వదల్లేదు. భీష్ముడి ఎదుటికి రథం తోలింది ఆ వణికే చేతులే.

నాకు మరీ ఇష్టమైంది ఇంటికొచ్చాక జరిగింది. గెలుపు నీదేనని చెప్పుకొమ్మని అర్జునుడే వాడికి చెప్పాడు. కొడుకు గెలిచాడని విరాటుడు ఊరంతా అలంకరించాడు. బృహన్నల తోడుంటే గెలవక ఏమవుతాడన్న పాపానికి కంకుభట్టు వేషంలో ఉన్న ధర్మరాజు ముఖాన పాచిక విసిరి నెత్తురు కళ్లజూశాడు. అంతఃపురంలో ఆడవాళ్ల ముందు కోతలు కోసిన ఆ కుర్రాడే సభలో నిలబడి, గెలిచింది నేను కాదు, ఒక దేవకుమారుడు అన్నాడు. నువ్వు చేసింది తప్పు, ఆయన్ను బతిమాలుకో అని తండ్రికే చెప్పాడు. దీని ముందు పదిమందిని తన్నడం ఏపాటి?

కురుక్షేత్రంలో మొదటిరోజే ఏనుగెక్కి శల్యుడి మీదికి పోయిందీ వీడే. ఆ ఏనుగు శల్యుడి రథానికున్న నాలుగు గుర్రాలనూ తొక్కి చంపింది. శల్యుడు విసిరిన శక్తి అనే ఆయుధం కవచం చీల్చుకుని దిగింది, ఏనుగు మీదనుంచి పడి చచ్చిపోయాడు. రథం తోలడంలో శల్యుడు కృష్ణుడికి సాటి అని పేరు. ఆ సారథి చేతిలో ఈ సారథి పోయాడు. వానల కోసం విరాటపర్వం చదివిస్తారు గానీ భీష్మపర్వంలో ఈ ముక్క ఎవరికి గుర్తుంటుంది? ఉత్తరకుమార ప్రగల్భాలు మాత్రం అందరి నోళ్లలో ఉన్నాయి, పాపం.

పురాణం వద్దంటావా, నువ్వు పరీక్షలు పెట్టుకుని కూడా వదలకుండా చదివిన హ్యారీ పోటర్ తీసుకో. నెవిల్ అనే మతిమరుపు పిల్లోడు 1997లో వచ్చిన మొదటి పుస్తకంలో స్నేహితులకే అడ్డం నిలబడి 10 పాయింట్లు తెచ్చాడు. కత్తి దూసి పాము తల నరికింది 2007లో వచ్చిన ఏడో పుస్తకంలో. నీ గుమాస్తాకు నువ్విచ్చింది ఒకటిన్నర పేజీ.

మూడో పేజీకి పో. దొంగబిల్లు మీద సంతకం పెట్టమని ఆఫీసరు గదమాయిస్తే వీడు వణుకుతూ పెట్టేస్తాడు కదా. వణకనీ, కానీ పెట్టనివ్వకు. కళ్లజోడు ఇంట్లో మరిచానని ఏదో అబద్ధమాడి ఆ పూటకు తప్పించుకోనీ. మర్నాడు కళ్లజోడు జేబులో పెట్టుకుని మళ్లీ అదే అబద్ధం ఆడనీ. చివర్లో రౌడీల చేతిలో వాడికి నాలుగు దెబ్బలు పడినా ఫరవాలేదు, చంకలో ఫైలు మాత్రం జారనివ్వకు.

ఫైటు తీసేయొద్దని రాయమంటున్నాడు మీ నాయన. రాశాను. ఆయన మాట వినకు.

ఇట్లు,
అమ్మ