బెంగళూరులో నన్ను లోపలికి తీసుకెళ్లిన మేడమ్‌కి

ప్రొద్దుటూరు బస్సులో కూర్చుని ఇది రాస్తున్నా. ఒళ్లు హూనమైంది గానీ ఇప్పుడే చెప్పకపోతే ఉండబట్టేలా లేదు.

నేను పాలిటెక్నిక్‌లో ల్యాబ్ అసిస్టెంట్‌ని. స్వేచ్ఛ అనే సంస్థ వాళ్ల లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని తెలుగులో చూసినప్పటి నుంచి పట్టుకున్న పిచ్చి, ఖాళీ దొరికితే ఒక ఓపెన్ సోర్స్ (కోడ్ ఎవరైనా చూసి మార్చగలిగే) సాఫ్ట్‌వేర్‌లో తెర మీద కనిపించే మాటలకి, అంటే స్ట్రింగులకి, తెలుగు అనువాదాలు పంపుతుంటాను. దాన్ని తయారుచేసే కంపెనీ హెడ్డాఫీసు బెంగళూరులోనే. ఒక్కసారైనా చూడాలని ఎన్నాళ్ల కోరికో. తీరా వెళ్తే రమ్మన్న ఇంజినీరుకు జ్వరం, టెక్ పార్కు గేటు దగ్గర విజిటర్ యాపేమో కంపెనీ మెయిల్ ఉంటే గానీ పాస్ ఇవ్వదు. జీతం లేకుండా కోడ్ రాసేవాళ్లు, బగ్గులు చెప్పేవాళ్లు ఇంతమంది ఉన్న రంగంలో 'ఏ కంపెనీ' అన్న గడి ఖాళీగా ఉంటే మనిషే కాదన్నట్టు ఎండలో నిలబెట్టడం ఏం పద్ధతండీ?

ఇక వెనక్కి పోదామనుకుంటుంటే, టీకి బయటికొచ్చిన ఒకావిడ ఆగి ఎవరి కోసమని అడిగారు. చెప్పాను. నా పేరు వినగానే "తెలుగు స్ట్రింగులు మీవేనా?" అని, టీ సంగతే మర్చిపోయి, హోస్టుగా తన పేరు రాసి సంతకం పెట్టి, నన్ను లోపలికి తీసుకెళ్లారు. ఆఫీసంతా తిప్పి, చివరికి తన సీటు పక్కన కుర్చీ వేసి కోడ్‌లో మార్పుల చిట్టా, అదే గిట్ లాగ్, తెరిచారు. 2005లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ రాసిన ఈ గిట్‌లో ఎవరేం మార్చారో పేరుతో, తేదీతో సహా ఉంటుంది కదా, అందులో నా పేరు కొట్టి వెతికారు. వరసగా నా పేరే, కింద నా తెలుగు వాక్యాలు. ఆవిడది మైసూరు. కన్నడ లిపి వచ్చు కాబట్టి మన అక్షరాలు కూడబలుక్కుంటూ ఒక్కో లైనూ పైకి చదివారు. మా ఇంట్లో కూడా ఎవరూ చదవని లైన్లవి. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ ఏమీ అనకుండా నీళ్ల బాటిల్ నా వైపు జరిపి తర్వాతి లైను అందుకున్నారు.

మేడమ్, పేర్లు రాయొద్దన్నారని మీ పేరు గానీ కంపెనీ పేరు గానీ రాయట్లేదు. మీకు చేతులెత్తి నమస్కారం.

సిల్క్ బోర్డు దగ్గర తెల్లారకముందే వచ్చి ఎక్కించుకున్న బావకి, టిఫిన్ పెట్టిన అక్కకి కూడా థాంక్స్.

అయ్యో, గేటు దగ్గర తన గొడుగు కిందకి పిలిచిన సెక్యూరిటీ అన్నని మర్చిపోయా! ఛార్జర్ ఇచ్చిన కుర్రాడిని, మీటరు మీద రూపాయి ఎక్కువ అడక్కుండా మెజెస్టిక్‌లో దింపిన ఆటో అన్నని కూడా. జ్వరంతో ఉన్న ఇంజినీరు గారూ, మీరు ముందు కోలుకోండి, మిగిలిన స్ట్రింగులు ఈ వారంలో పంపిస్తాను.