అందని వేళ్ల గురించి

తిరుపతి

చిరంజీవి చిన్నమ్మాయికి,

అమ్మ ఆశీస్సులు. యోగా మొదలుపెట్టి మూడు నెలలైనా వంగినప్పుడు కాలివేళ్లు అందడం లేదనీ, పక్కవాళ్లకు మొదటి వారంలోనే అందాయనీ, ఇక మానేద్దామని అనిపిస్తోందనీ ఆదివారం ఫోనులో అన్నావు. పొయ్యి మీద కుక్కరు కూతల మధ్య నీకు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. రెండు మాటల్లో తేలేది కూడా కాదు కనుక ఇవాళ తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నాకు వేళ్లు అందడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. కానీ అవి మొదటిసారి అందిన రోజేదో నాకు గుర్తు లేదు. నాకు గుర్తున్నది అంతకు చాలా ముందటి రోజు. ఆ ఉదయం మేము చేసింది తాడాసనం, అంటే కేవలం నిటారుగా నిలబడటం. కళ్లు మూసుకుని, బరువు ఏ పాదం మీద ఉందో చూసుకోమని మా గురువమ్మ అన్నారు. రెంటి మీదా సమానంగానే ఉందని ధీమాగా చెప్పాను. ఆమె నా ఎదుట కూర్చుని, ఒక పాత పెళ్లిపత్రిక అట్టను నా కుడి బొటనవేలి కిందికి జరిపితే అది ఏ అడ్డూ లేకుండా లోపలికి దూరిపోయింది. ఎడమ బొటనవేలి కింద అదే అట్ట అంచు కూడా దూరలేదు. యాభై రెండేళ్లుగా ఈ ఒంట్లోనే ఉంటూ, నేను ఎడమ కాలి మీద నిలబడుతున్నానన్న సంగతి నాకు తెలియనే తెలియదు. ఇంటికి వచ్చి అద్దం ముందు నిలబడితే ఎడమ తుంటి పక్కకు పొడుచుకుని ఉండటం స్పష్టంగా కనిపించింది. చిన్నప్పుడు వీధి కుళాయి నుంచి బిందె మోసింది ఆ పక్కనే, నీకు మూడేళ్లు నిండేదాకా నిన్ను చంకన వేసుకుని తిరిగింది కూడా ఆ పక్కనే. బిందె దింపి, నిన్ను దింపి ఎన్నేళ్లు గడిచినా, నా నడుము ఇంకా మిమ్మల్ని మోస్తూనే ఉందని నాకు అనిపించింది. ఆ రోజు వంటింట్లో నిలబడి చాలాసేపు ఏడ్చాను. అది దుఃఖం కాదు, ఏమని చెప్పాలో నాకు ఇప్పటికీ మాట దొరకదు.

నేను పురోగతి అనేది దాన్నే. వేళ్లు అందడం దాని తరువాత ఎప్పుడో, నేను చూడనప్పుడు జరిగిపోయింది.

ఇక నీ వేళ్ల సంగతికి వస్తాను. తొడ వెనుక ఉండే పెద్ద కండరాలు చాలామటుకు మనం కూర్చునేటప్పుడు నేలకు తగిలే పిరుదు ఎముక దగ్గర మొదలై, మోకాలు దాటి కింద అతుక్కుంటాయి. గంటల తరబడి కుర్చీలో కూర్చునే నీలాంటి వాళ్లకు అవి బిగుసుకుని ఉండటం సహజం. అవి బిగిసి ఉన్నప్పుడు మోకాళ్లు చాచి వంగితే తుంటి ముందుకు తిరగదు. ఆ లోటు తీర్చడానికి నడుము వంపు తిరుగుతుంది. వేళ్లు అందినట్టే ఉంటుంది గానీ, సాగింది నడుము, సాగవలసిన తొడ కాదు. పైగా కండరాన్ని గబుక్కున లాగితే దానిలో సాగుదలను కనిపెట్టే సూక్ష్మభాగాలు వెంటనే హెచ్చరించి, దాన్ని తిరిగి బిగించేలా చేస్తాయి. నువ్వు ఊపుతో అందుకోబోయిన ప్రతిసారీ కాలు నిన్ను వెనక్కి లాగుతున్నట్టు ఉంటుందన్నావే, అందుకు కారణం ఇదే.

ఈ విషయంలో నేను దెబ్బ తిన్నాను కూడా. మొదట్లో వెళ్లిన ఒక తరగతిలో శిక్షకుడు నా వీపు మీద చేతులు వేసి ముందుకు నొక్కాడు. పిరుదు ఎముక దగ్గర సూది గుచ్చినట్టు నొప్పి పుట్టింది. వద్దనడానికి మొహమాటపడ్డాను. ఆ నొప్పి తగ్గడానికి నాలుగు నెలలు పట్టింది. నీ విషయంలో ఎవరైనా అలా చేయబోతే, వాళ్లు ఎంత పెద్దవాళ్లైనా సరే, గట్టిగా వద్దని చెప్పు. కండరం మధ్యలో మెల్లగా లాగినట్టు ఉంటే ఫరవాలేదు. ఎముక దగ్గర చురుక్కుమంటే మాత్రం వెంటనే ఆగిపోవాలి. నిద్ర లేచిన వెంటనే వంగవద్దు. రాత్రంతా పడుకుని ఉండటం వల్ల వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పట్టి ఉబ్బి ఉంటాయి, ఆ సమయంలో వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది. కనీసం ఒక గంట ఇంటిపనిలో తిరిగి, తరువాత చెయ్యి.

నేల మీద కూర్చుని, మోకాళ్లు కొంచెం వంచి, పాదాలకు పాత తువ్వాలు తగిలించి రెండు కొసలూ పట్టుకో. బెల్టులు, చెక్క ఇటుకల సాయంతో ఆసనాలు చేయించే పద్ధతిని యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ ప్రచారంలోకి తెచ్చారు. మన ఇంట్లో ఆ పని తువ్వాలే చేస్తుంది. ఒక చేతిని తొడా పొట్టా కలిసే మడత దగ్గర పెట్టుకుని, శ్వాస నెమ్మదిగా వదులుతూ, వంపు ఆ చేతి కింద మొదలవుతోందా, లేక నడుములో మొదలవుతోందా అని మాత్రమే గమనించు. వేళ్ల వైపు చూడకు. ఇలా నెల రోజులు చెయ్యి.

యోగసూత్రాలు రాసిన పతంజలి ఆసనాన్ని గురించి చెప్పిన సూత్రాలు చాలా తక్కువ. "స్థిర సుఖమాసనం" అన్నది అందరికీ తెలుసు. దాని తరువాతి సూత్రాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ: ప్రయత్నం సడలడం వల్లా, అనంతునిలో మనసు లీనం కావడం వల్లా ఆసనం సిద్ధిస్తుందని అందులో ఉంది. అనంతుడంటే భూమిని మోసే ఆదిశేషుడని కొందరు వ్యాఖ్యాతలు చెప్పారు. అంత బరువు మోస్తూ చలించకుండా ఉండటం మనకు తెలియని సంగతేమీ కాదు; మన మేడ మీదికెక్కితే ఎదురుగా కనిపించేది ఆ శేషాచలమే కదా. ఇప్పుడు నేను రోజూ అటు తిరిగే చాప పరుచుకుంటున్నాను.

పోయిన నెల అలిపిరి మెట్ల దారిన కొండకు నడిచాను. ఆ 3,550 మెట్లనూ ఇదివరకు పళ్లు బిగబట్టి, ఎప్పుడు అయిపోతాయా అని లెక్కపెట్టుకుంటూ ఎక్కేదాన్ని. ఈసారి మోకాళ్ల మెట్టు దగ్గర, అందరూ ఆయాసపడే ఆ నిటారు చోట, నా దవడ బిగుసుకుని ఉందనీ, కుడిచేతి పిడికిలి మూసుకుని ఉందనీ నాకు తెలిసింది. మెట్టెక్కడానికి దవడతో పనేముంది? రెంటినీ వదిలేశాను. రెండు మెట్లెక్కేసరికి మళ్లీ బిగుసుకున్నాయి, మళ్లీ వదిలాను. పైకి చేరేదాకా అదే పని. ఎప్పటిలాగే చెమటలు పట్టాయి, కాళ్లు లాగాయి, కానీ మెడనొప్పి మాత్రం రాలేదు.

సంక్రాంతికి వచ్చినప్పుడు ఇద్దరం కలిసి నడిచి వెళదాం. ఈలోపు పళ్లు తోముకునేటప్పుడు బరువు ఏ కాలి మీద వేసి నిలబడుతున్నావో ఒక వారం చూసుకుని నాకు రాయి.

ఆశీస్సులతో,
అమ్మ